గంజాయి: తల మనోళ్లది, లాభం ఎవరిది?

"గంజాయి బ్యాచ్". పేపరు తిరగేస్తే చాలు, ఈ మాటే కనపడుతోంది. ఎక్కడో దొంగతనం జరిగితే గంజాయి బ్యాచ్. చీకటిపడ్డాక సెంటర్లో నలుగురు నల్లటి కుర్రాళ్లు నిలబడితే గంజాయి బ్యాచ్. పెత్తందారు కొడుక్కి మనోడు మాటకు మాట అప్పజెబితే వాడూ గంజాయి బ్యాచే. ఒకప్పుడు మనల్ని తాగుబోతు జాతి అన్నారు. సారా పాటలు పాడి కోట్లు గడించింది ఎవరో, తాగించింది ఎవరో ఆ నోళ్లు ఎప్పుడూ చెప్పలేదు. ఆ నోళ్లే ఇప్పుడు మన పిల్లలకి కొత్త పేరు పెట్టాయి.

ఈ పేరు మీద కోపంతో మనోళ్లు కొందరు రెండో కొసకు పోతున్నారు. "గంజాయి ఆకే గదా, సాధువులు తాగట్లేదా, అమెరికాలో కొట్లలో అమ్మట్లేదా, ఇదంతా పోలీసోళ్ల కట్టుకథ" అంటున్నారు. చదువుకున్న కుర్రాళ్లు సెల్‌ఫోన్లో చూసిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడా జోడిస్తున్నారు. ఇంకోపక్క ఇళ్లలో ఆడోళ్లు "ఒక్క దమ్ము కొడితే మనిషి హంతకుడైపోతాడంట" అని హడలిపోతున్నారు. ఈ రెండు మాటల మధ్యన పిల్లోడి తల నలిగిపోతోంది. మేము బడిపంతుళ్లం. మా ఇళ్లల్లో మాకు ముందు పలక పట్టినోళ్లు లేరు. వాడ పిల్లోడి తల విలువ ఎంతో మాకు తెలుసు, మనకున్న ఆస్తి అదొక్కటే గనక. అందుకని ఈ గంజాయి ఆ తలలో ఏం చేస్తది, ఒంట్లో ఏం చేస్తది, తెలిసినంత వరకు ఉన్నదున్నట్టు చెబుదామని కూచున్నాం.

ముందు మొక్క సంగతి. మొక్క ఒకటే, సరుకులు మూడు. ఆకు నూరితే భంగు. ఆడమొక్క పూత ఎండబెడితే గంజాయి. పూతకు పట్టిన జిగురు తీసి ముద్ద చేస్తే చరస్. మత్తంతా ఎక్కువగా పూతలోనూ జిగురులోనూ ఉంటది. ఆ మత్తు రసాయనం పేరు టీహెచ్‌సీ. 1964లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలం అనే శాస్త్రవేత్త, తన తోటివాళ్లతో కలిసి దీన్ని విడదీసి చూపించాడు. 1992లో ఆయన బృందమే ఇంకో సంగతి కనిపెట్టింది. ఇలాంటి పని చేసే పదార్థం ఒకటి మన మెదడే సొంతంగా తయారుచేసుకుంటుందని. దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. మన "ఆనందం" అన్న మాటలోంచే తీసుకున్నారు.

దీన్ని చెరువు లెక్కన చెప్పుకుందాం. చెరువుకి నీరుగంటి ఉంటాడు. అది తరతరాలుగా మనోళ్లే చేసిన పని. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో వాడికే తెలుసు. మెదడులో ఆ ఆనందమైడ్ చేసేది కూడా నీరుగంటి పనే. జ్ఞాపకం, ఆకలి, భయం, నిద్ర, కాళ్లూ చేతులూ కుదురుగా ఆడటం, వీటన్నిటికీ ఎక్కడ ఎంత వదలాలో అంతే వదిలి కట్టేస్తది. దమ్ము లాగినప్పుడు టీహెచ్‌సీ వచ్చి నీరుగంటిని పక్కకి నెట్టి తూములన్నీ తన ఇష్టమొచ్చినట్టు ఎత్తేస్తది. ఆ గంటా రెండు గంటలు హాయిగానే ఉంటది. ఉండదని మేము అబద్ధం చెప్పం. హాయి లేకపోతే అసలు ఎవడూ తాగడు. కానీ రోజూ ఇదే పనైతే నీరుగంటికి పని మరుపొస్తది. తూము తన లెక్కన ఆడదు. అప్పుడు దమ్ము లేకపోతే నిద్ర లేదు, ఆకలి లేదు, ఊరికే చిరాకు.

పొగ లాగితే నిమిషాల్లో ఎక్కుతుంది, రెండు మూడు గంటలు ఉంటది. భంగు తాగితే, లడ్డూలో పెట్టి తింటే అట్టా కాదు. అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలీదు. "ఎక్కలేదురా" అని ఇంకో లోటా పోసుకుంటారు. తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. ఆరేడు గంటలు దిగవు. పండగల్లో ఆసుపత్రికి పరుగెత్తేది ఎక్కువగా ఈ తినేవాళ్లూ తాగేవాళ్లే.

ఒంటి సంగతి చూద్దాం. కళ్లు ఎర్రబడతాయి, నోరు ఎండుతుంది. గుండె దడదడలాడుతుంది, నిమిషానికి 70 సార్లు కొట్టుకునేది 100 దాకా పోతుంది. ఒక్కసారి లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. గుండెజబ్బు ఉన్నోడికి ఇది మంచిది కాదు. ఆకలి పెరుగుతుంది. కొడుకు రెండు కంచాలు తింటుంటే "బాగా తింటున్నాడు" అని సంతోషపడిన తల్లులున్నారు. తాగిన వాసన నోట్లో నిలబడదు, సారా తాగినోడిలా తూలడు, తిట్టడు, గుమ్మంలో పడిపోడు. అందుకే ఇంట్లోవాళ్లకు ఏడాది దాటినా తెలియదు.

మనోళ్లు తాగే పద్ధతి ఇంకో చేటు. సిగరెట్లో పొగాకు సగం రాల్చి, ఆ ఖాళీలో గంజాయి కూరి లాగుతారు. పొగ లోపలే పట్టి ఉంచుతారు. అంటే గంజాయితో బాటు పొగాకు కూడా అలవాటవుతోంది. గంజాయి మానినోడు కూడా సిగరెట్ మానలేక మళ్లీ ఆ చెట్టు కిందికే పోతాడు. దగ్గు, గళ్ల, ఆయాసం ఎట్టాగూ తప్పవు. మన వాడల్లో టీబీ ఇంకా పోలేదు. పొగ తాగేవాళ్లకి టీబీ ముప్పు ఎక్కువని ఎప్పుడో రుజువైంది. నలుగురు గుండ్రంగా కూచుని ఒకే సిగరెట్ తిప్పుకునే చోట ఆ నలుగురిలో ఒకడికి టీబీ ఉంటే మిగతా ముగ్గురి సంగతి ఆలోచించండి.

ఇంకోటి ఉంది, మన ఊళ్లల్లో దీన్ని ఎవరూ గుర్తుపట్టరు. ఏళ్లతరబడి రోజూ తాగినోళ్లలో కొందరికి వాంతులు మొదలవుతాయి. కడుపులో మెలిపెట్టే నొప్పి. వేడినీళ్లు ఒంటి మీద పోసుకుంటే తప్ప ఉపశమనం ఉండదు. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు దీన్ని మొదటిసారి రాశారు. మన దగ్గర ఇదే వస్తే ఆరెంపీ గ్యాస్ ఇంజెక్షన్ పొడుస్తాడు. తగ్గకపోతే "మందు పెట్టారు" అని పక్కింటామె మీద పడతారు. ఆ వాంతులకు మందు ఒకటే, గంజాయి మానటం.

"సారా తాగి చచ్చినోళ్లున్నారు గానీ గంజాయి తాగి చచ్చినోణ్ణి చూపించు" అని మాతో పందెం వేసేవాళ్లున్నారు. ఆ మాట చాలావరకు నిజమే. కల్తీసారాలాగా ఒక్క రాత్రిలో ఊపిరి తీసే సరుకు కాదిది. కానీ మనోడు చేసే పనేంటి? సెంట్రింగ్. ఆటో. ఇసుక ట్రాక్టర్. కరెంటు స్తంభం ఎక్కటం. గంజాయి ఎక్కినోడికి దూరం సరిగా తెలీదు, టైము సరిగా తెలీదు, చెయ్యి ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది. ఏసీ గదిలో కూచుని దమ్ము లాగిన బాబు సోఫాలో పడతాడు. మనోడు మూడో అంతస్తు పరంజా మీంచి పడతాడు. మేస్త్రీ "తాగొచ్చి పడ్డాడు" అని ఒక మాట అంటే నష్టపరిహారం కూడా పోతుంది. గంజాయి తాగి చచ్చినోడు లెక్కల్లో కనపడడు, పరంజా మీంచి పడినోడి కిందనే జమైపోతాడు.

ఇక తల సంగతి. మాకు తరగతి గదిలోనే తెలిసిపోతుంది. తెలివిగల్ల పిల్లోడు వాక్యం మొదలుపెట్టి చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. లెక్క సగంలో వదిలేస్తాడు. నిన్న చెప్పింది ఇవాళ కొత్తగా వింటాడు. టీహెచ్‌సీ మొదట దెబ్బ కొట్టేది ఇప్పుడే విన్నదాన్ని దాచుకునే చోటునే. పెద్దోళ్లలో ఇది మానేశాక కొన్ని వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లోడి సంగతి వేరు. వాడి మెదడు ఇంకా కట్టుబడిలో ఉంది. మనిషి మెదడు పాతికేళ్ల దాకా కడుతూనే ఉంటుందని శాస్త్రం చెబుతోంది. పచ్చి గోడ మీద కాలు వేస్తే పడే గుంట, ఎండిన గోడ మీద పడదు గదా.

న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్లో 1972–73లో పుట్టిన వెయ్యిమంది పిల్లల్ని 38 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. పిన్న వయసులో మొదలుపెట్టి ఏళ్ల తరబడి వదలకుండా తాగినవాళ్లకు తెలివి కొలిచే పరీక్షలో 8 పాయింట్ల దాకా తగ్గిందని 2012లో ప్రకటించారు. తర్వాత కవల పిల్లల్ని పోల్చి చూసినవాళ్లు అదంతా గంజాయి పనే అనలేమని, ఇంటి పరిస్థితులు కూడా ఉన్నాయని వాదించారు. ఆ వాదం శాస్త్రవేత్తలు తేల్చుకుంటారు. మన లెక్క వేరే. ఐదెకరాల మాగాణి ఉన్న ఇంటి పిల్లోడు ఇంటర్ తప్పితే వాడికి మాగాణి ఉంది, మామ ఉన్నాడు, కాంట్రాక్టు ఉంది. మన పిల్లోడు తప్పితే తట్ట తప్ప ఏముంది? వాడికి ఒక్క పాయింటు పోయినా ఎక్కువే.

అన్నిటికంటే పెద్ద దెబ్బ, పిచ్చి. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. గంజాయి తాగినోళ్లంతా పిచ్చోళ్లు కారు. ఎక్కువమంది కారు. ఎక్కువ మోతాదు లాగినప్పుడు కొందరికి భయం పట్టుకుంటుంది, చచ్చిపోతున్నాననిపిస్తుంది, ఎవరో వెంటపడుతున్నట్టు ఉంటుంది. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో దిగుతుంది. కానీ కొందరికి దిగదు. స్వీడన్‌లో 1969–70లో సైన్యంలోకి పిలిచిన 45 వేల మంది కుర్రాళ్లను అడిగి రాసుకుని, 15 ఏళ్లు గమనించి 1987లో ప్రకటించారు. చేరేనాటికే 50 సార్లకు మించి తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే జబ్బు, తాగనివాళ్లకంటే ఆరు రెట్లు కనపడింది. మామూలుగా అది నూటికి ఒకరికి వచ్చే జబ్బు. కాబట్టి ఆరు రెట్లన్నా నూటికి తొంభైమందికి పైగా రాదు. కానీ ఆ వచ్చే ఐదారుగురు ఎవరో ముందు ఎవరికీ తెలియదు. తల్లిదండ్రుల్లోనో మేనమామల్లోనో మతి చెడినవాళ్లు ఉన్న ఇంట్లో ముప్పు ఎక్కువ. చిన్న వయసులో మొదలుపెడితే ఎక్కువ. రోజూ తాగితే ఎక్కువ. సరుకు ఘాటు పెరిగితే ఇంకా ఎక్కువ. ఘాటు పెరుగుతూనే ఉంది కూడా. అమెరికాలో పోలీసులు పట్టుకున్న సరుకులో టీహెచ్‌సీ 1995లో 4 శాతం ఉంటే 2014 నాటికి 12 శాతం అయింది. "మా తాత రోజూ తాగి తొంభై ఏళ్లు బతికాడు" అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. తాత తాగింది వేరు, మనవడు తాగేది వేరు.

మా వాడలోనే ఒక పిల్లోడు. ఐటీఐలో కరెంటు పని నేర్చాడు. చేతిపని దేవుడిచ్చిన వరం అనేవాళ్లం. రెండేళ్లు ఆ చెట్టు కింద కూచున్నాడు. ఒకరోజు ఇంట్లో ఫ్యాను విప్పేశాడు, అందులోంచి తన మాటలు ఎవరో వింటున్నారంట. సెల్‌టవర్ వైపు చూసి కేకలు. మూడు రోజులు నిద్రలేదు. తల్లి మా దగ్గరకొచ్చి "అన్నా, మావోడికి గాలి సోకింది, అంత్రం కట్టే ఆయన ఉన్నాడంట, ఐదు వేలు సర్దు" అంది. ఆ ఐదు వేలు మంత్రగాడికి కాకుండా జిల్లా ఆసుపత్రి బస్సుకీ ఖర్చులకీ పెట్టించేసరికి మాకు తాతలు దిగొచ్చారు. అక్కడ మానసిక వైద్యుడు మందులు రాశాడు. మూడు వారాలకి పిల్లోడు మనిషయ్యాడు, మమ్మల్ని చూసి "సార్, నేనేం వాగాను" అని సిగ్గుపడ్డాడు. అక్కడితో కథ అయిపోతే బాగుండేది. బాగయ్యానని మందులు ఆపేశాడు, మళ్లీ దమ్ము పట్టాడు, మళ్లీ టవర్ మాట్లాడింది. రెండోసారి ఆసుపత్రికి పోయినాక ఇప్పటికి ఏడాదిన్నర. గంజాయి లేదు. మందులు వేసుకుంటున్నాడు. ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు.

ఇట్టాంటి ఇళ్లల్లో మనోళ్లు చేసేది ఏంటి? మొదట కొడతారు. తర్వాత అంత్రాలు, దర్గా, ఉపవాస ప్రార్థన. అప్పటికీ కాకపోతే గొలుసు. గొలుసు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దగ్గర ఒక ప్రైవేటు మానసిక ఆశ్రమంలో మంటలు లేస్తే, మంచాలకీ గుంజలకీ గొలుసులతో కట్టేసి ఉన్న పాతికమందికి పైగా జబ్బు మనుషులు పారిపోలేక అక్కడికక్కడే కాలిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదని చెప్పింది. సర్కారు ఆసుపత్రిలో వైద్యం పొందడం హక్కు అని కూడా చెప్పింది. దేవుడి మీద నమ్మకం ఉన్నోళ్లు ప్రార్థన చేసుకోండి, మాకేం అభ్యంతరం లేదు, ఆసుపత్రి బస్సులో కూచుని చేసుకోండి.

మానలేకపోవడం గురించి ఒక మాట. తాగినోళ్లలో సుమారు పదిమందికి ఒకరు దానికి బానిస అవుతారు. పదిహేను పదహారేళ్లకే మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురికి ఒకరు. ఢిల్లీలోని ఎయిమ్స్ వాళ్లు దేశమంతా తిరిగి చేసిన సర్వేని 2019లో ప్రకటించారు. భంగు, గంజాయి, చరస్ ఏదో ఒకటి ఏడాదిలో వాడినవాళ్లు 3 కోట్ల పైచిలుకు. అందులో సాయం కావలసినవాళ్లు 72 లక్షలు. మానిన మొదటి రోజో రెండో రోజో చిరాకు, కోపం, నిద్ర పట్టకపోవడం, పిచ్చికలలు, అన్నం సయించకపోవడం మొదలవుతాయి. మొదటి వారం గట్టిది. రెండు మూడు వారాల్లో చాలావరకు దిగుతాయి. ఈ రెండు వారాలే ఇంట్లోవాళ్లు ఓపిక పట్టాల్సింది. సరిగ్గా అప్పుడే అయ్య "మానేశానంటాడు, ఒళ్లు పొగరెక్కింది చూడు" అని చెయ్యి చేసుకుంటాడు. వాడు మళ్లీ చెట్టు కిందికి.

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం, ఎందుకంటే మన పిల్లోడి తలమీద గంజాయి ఒక దెబ్బ కొడితే లాఠీ రెండో దెబ్బ కొడుతోంది. 1985లో వచ్చిన మత్తుపదార్థాల చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయలున్న కొసలు. పూత లేని ఉత్తి ఆకు, గింజ గంజాయి కింద రావు. అందుకే ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో సర్కారు లైసెన్సుతో భంగు కొట్లు నడుస్తున్నాయి. అక్కడ అది శివరాత్రి ప్రసాదం, హోళీ పానకం. కుంభమేళాలో చిలుం పీల్చే బాబాని కెమెరాలు పెట్టి తీస్తారు, విదేశీయులు దణ్ణం పెడతారు. అదే చిలుం మన వాడ వెనక చెరువుగట్టు మీద వెలిగితే కేసు. మొక్క ఒకటే. పీల్చే నోటిని బట్టి అది భక్తి అవుతోంది, నేరం అవుతోంది. ఇది గంజాయి తాగటానికి సమర్థన కాదు. బాబా ఊపిరితిత్తులూ మనోడి ఊపిరితిత్తులూ ఒకటే, ఆ సంగతి పొగకు కులం లేదు కాబట్టి దానికి బాగా తెలుసు. పోలీసు రిజిస్టరుకే కులం ఉంది.

ఈ రిజిస్టర్ల కథ కూడా పాతదే. 1893–94లో తెల్లదొరలు గంజాయి మీద ఒక పెద్ద కమిషన్ వేశారు. పిచ్చాసుపత్రులు గంజాయి తాగినోళ్లతో నిండిపోయాయని అప్పట్లో గోల. కమిషన్ ఆ రిజిస్టర్లు తిరగేసింది. పిచ్చికి కారణం తెలీనప్పుడల్లా, సరిగా విచారించకుండా గంజాయి అని రాసిన సందర్భాలు కుప్పలుగా బయటపడ్డాయి. ఎక్కువ తాగితే చేటేనని కూడా ఆ కమిషనే రాసింది. నూట ముప్పై ఏళ్లు గడిచినా పద్ధతి మారలేదు. కారణం వెతకడం కష్టం, "గంజాయి బ్యాచ్" అని రాసుకోవడం తేలిక.

ఎర్రటి కళ్లున్నాయని పిల్లల్ని రోడ్డు మీద ఆపి మూత్రపరీక్ష చేయడం ఒకటి మొదలైంది. టీహెచ్‌సీ ఒంట్లో కొవ్వులో దాక్కుంటుంది. రోజూ తాగినోడు మానేసిన కొన్ని వారాలకి కూడా పరీక్షలో బయటపడతాడు. అంటే ఆ పరీక్ష వాడు ఎప్పుడో తాగాడని చెబుతుందే గానీ, ఇప్పుడు మత్తులో ఉన్నాడని చెప్పదు. మానేసి దారిలో పడినోణ్ణి కూడా అది పట్టిస్తుంది. సంఘాల్లో పనిచేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కార్యకర్తలు ఇంకొన్ని తెలుసుకోవాలి. కిలో లోపు గంజాయి చిన్న మొత్తం, దానికి ఏడాది దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలకు మించి దొరికితే పదేళ్లకు తగ్గకుండా జైలు, బెయిలు కూడా మహాకష్టం. తాగినందుకు మాత్రమే అయితే ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. మనిషి ఒళ్లు తడిమి సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు ఉందని చెప్పాలి, అది 50వ సెక్షను. 64ఏ అని ఇంకో సెక్షను ఉంది. అలవాటుపడినోడు తాగిన కేసులోనో చిన్న మొత్తం కేసులోనో ఇరుక్కున్నప్పుడు, తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో వైద్యానికి ఒప్పుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షను సంగతి స్టేషన్లో ఎవరూ మన పిల్లోడి చెవిలో వెయ్యరు. మనమే వెయ్యాలి.

మరి లాభం ఎవరిది? విశాఖ మన్యంలో గంజాయి వేసిన ఆదివాసీదా? 2021 చివర్లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు. బాగానే ఉంది. ఆ విత్తనం ఎవరిచ్చారు, ముందస్తు డబ్బు ఎవరిచ్చారు, లారీ ఎవరిది, ఏ రాష్ట్రంలో ఏ మేడలో కూచుని ఫోన్లో మాట్లాడాడు? మూట మోసిన గిరిజన కుర్రాడు పదేళ్ల సెక్షను కింద లోపల ఉన్నాడు. మూట కొన్నోడు ఇంకో మూట కొంటున్నాడు. కాఫీకి, మిరియానికి, పసుపుకి మన్యంలో సరైన ధర దక్కితే ఆ రైతు ఈ పంట ముట్టుకోడు. ఒక కొసన ఆదివాసీ జైల్లో, ఇంకో కొసన మాదిగపల్లె పిల్లోడు జైల్లో. మధ్యలోవాడి పేరు ఎఫ్ఐఆర్‌లో కనపడేది తక్కువ.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు సారా మీద తిరగబడ్డారు. అందులో మన కూలి తల్లులే ముందున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. ఇప్పుడు గంజాయి మీద అట్టాంటి ఉద్యమమే చేద్దామని మీటింగుల్లో కొందరంటున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ సారాకి కొట్టు ఉంది, కాంట్రాక్టరు ఉన్నాడు, వేలంపాట ఉంది. పోయి అడ్డం పడుకోవడానికి ఒక చోటు ఉంది. గంజాయికి కొట్టు లేదు, పాట లేదు. పొట్లం జేబులో వస్తది, జేబులో పోతది. ఊరేగింపు తీసి అడ్డుకునేది కాదిది. ఇంటింటా కూచుని మాట్లాడాల్సిన పని.

ఇక్కడ ఒక చేదు మాట. పొట్లం తెచ్చేవాడు చాలాచోట్ల మన వాడవాడే. మన చెల్లెలి కొడుకో, మన బావమరిదో. పది పొట్లాలు అమ్మితే తన పొట్లం ఊరికే వస్తుందని మొదలుపెడతాడు. వాణ్ణి పోలీసుకి పట్టిస్తే వాడి జీవితం పోతుంది, వదిలేస్తే పదిమంది పిల్లలు పోతారు. మా అభిప్రాయం ఇది. తాగేవాణ్ణి పట్టించకూడదు, వాడు జబ్బు మనిషి. అమ్మేవాడికి పెద్దమనుషులు ఒకసారి, అయినా వినకపోతే వాడి తల్లి ముందర ఇంకోసారి చెప్పాలి. ఆ తర్వాత కూడా బడిపిల్లలకి అమ్మితే వాడి కులం మన కులమైనా సరే సంఘం వాడి వెనక నిలబడకూడదు. దీనికి ఒప్పుకోని మిత్రులున్నారు. "మనోణ్ణి మనం అప్పజెబితే రేపు వాళ్లు మనందరి మీదా పడతారు" అంటారు. వాళ్ల భయం ఉత్తిది కాదు. ఈ పత్రికలో రాయమనండి, వాదించుకుందాం. అంబేద్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమంది చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు ముట్టను అనేది కూడా ఒకటని మాత్రం వాళ్లకు గుర్తుచేస్తున్నాం.

పిల్లోడిలో మార్పు కనపడితే మొదటి రోజే కొట్టొద్దు. కళ్లు ఎర్రగా ఉంటే గంజాయే అనుకోవద్దు, రాత్రి డ్యూటీ చేసినా ఎర్రబడతాయి. స్నేహితులు మారడం, చదువు ఒక్కసారి జారడం, ఇంట్లో డబ్బు పోవడం, నిద్ర వేళలు తిరగబడటం, అనుమానాలు, తనలో తాను మాట్లాడుకోవడం, ఇవి కలిసి కనపడితే కూచోబెట్టి అడగాలి. నాన్న అడిగితే చెప్పడు, మేనమామ అడిగితే చెబుతాడు. మా అనుభవంలో మేనమామలు చాలామంది పిల్లల్ని బతికించారు. మాటలు తేడాగా ఉంటే, ఎవరో మాట్లాడుతున్నట్టు వింటుంటే ఆ రోజే జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికి. విశాఖలో సర్కారు మానసిక ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఉంది. ఊళ్లోంచే అడగాలంటే 14416కి ఫోన్ చేస్తే మానసిక సలహా ఇస్తారు. మత్తు మాన్పించే సలహాకి 14446 ఉంది. రెండూ సర్కారువే, డబ్బు తీసుకోరు. గంజాయి మాన్పించటానికంటూ ఒక ప్రత్యేక మాత్ర ఇప్పటికి లేదు, ఉందని అమ్మేవాణ్ణి నమ్మొద్దు. మాట్లాడి మాన్పించాల్సిందే, నిద్రకీ కంగారుకీ మాత్రం డాక్టరు కొన్నాళ్లు మందిస్తాడు.

బస్సు ఎక్కితే జిల్లా ఆసుపత్రికి రెండు గంటలు. కూలి మానుకుని, ఇంకొకరిని తోడు తీసుకుని, ఓపీ చీటీ దొరక్క తిరిగొస్తే రెండోసారి ఎవరు పోతారు? అందుకే ఏరియా ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజైనా మానసిక వైద్యుడు కూచోవాలని అర్జీ తయారుచేశాం. ప్రతి ఊరి సంఘం తన తీర్మానం జతచేసి వేలిముద్రలతో సహా పంపితే, కట్టంతా కలిపి జిల్లా వైద్యాధికారికీ కలెక్టరుకీ ఇద్దాం. సంతకం చేసేవాళ్లలో తల్లులు ఎక్కువగా ఉండేట్టు చూడండి. ఎవరి పిల్లోడు తాగుతున్నాడో ఆ కాగితం మీద రాయొద్దు.